మూడు చోట్ల తెగిన పాట

ఆయన పాటను అరచేత్తో వినేవాడు. పిల్లలు పాడుతుంటే హార్మోనియం పక్కన కూర్చుని, దాని చెక్క మీద ఎడమచెయ్యి ఆనించి, చూపు మాత్రం పాడేవాళ్ల గొంతుల మీద ఉంచేవాడు. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య బతికిన మనిషి. మరమగ్గాలను సూరత్‌లో మనవాళ్లు సాంచాలంటారు. ఆ చప్పుడు ఆయన కుడిచెవిని పూర్తిగానూ, ఎడమచెవిని సగమూ తీసేసుకుంది. అయినా పదహారు మందిలో తాళం ఎవరిది జారిందో ఆ చేతికి తెలిసిపోయేది. బొటనవేలు పైకి లేపేవాడు. పాట ఆగేది.

"పోగు తెగింది," అనేవాడు.

పిల్లలు మొదటినుంచి ఎత్తుకోబోతే ఒప్పుకునేవాడు కాదు. "మొదటికెందుకు పోతవ్? ఒక్క పోగు తెగితే బట్ట మొత్తం ఇప్పుతమా? తెగిన కాడ ముడెయ్యి, ఆడికెల్లి నడువు."

మెచ్చుకోవడం ఆయనకు రాదు. పాట ఎంత బాగా కుదిరినా "నడుస్తది" అని లేచేవాడు. బాగుచేసిన సాంచా గురించి కార్ఖానాలో సేఠ్‌కు చెప్పే మాట అది. ఒకసారి రజిత అనే పిల్ల ఊరుకోలేదు. నడుస్తది సరే మాస్టర్, మంచిగున్నదా అని అడిగింది. "మంచిగున్నదో లేదో కొన్నోడు చెప్తడు," అన్నాడాయన. మాస్టర్ అన్న పిలుపు కూడా పాటవల్ల వచ్చింది కాదు. చెడిపోయిన సాంచాలను సరిచేసేవాణ్ని కార్ఖానాలో మాస్టర్ అంటారు. సాయంత్రం షిఫ్టు దిగి అదే నూనె చేతులు కడుక్కుని వచ్చి పిల్లలకు భజనలూ, చిడతలు పట్టి ఆడే చిరుతలాటా నేర్పేవాడు.

ఆయన పోయిన సంగతి పోయిన నెల మా తెలుగు సమితి వాట్సాప్ గ్రూపులో చూశాను. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను. గంట తర్వాత అధ్యక్షుడు ఫోన్ చేశాడు. ఆదివారం సంతాప సభ ఉందని, మాస్టర్ పిల్లలచేత పాడిస్తున్న వీడియో నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదని, అది పంపమని అడిగాడు. "నాలుగు ముక్కలు మీరే మాట్లాడాలె సార్. మీకు భాష ఉన్నది," అన్నాడు.

నాకు భాష ఉన్న మాట నిజమే. నేను గుంటూరు వైపు వాణ్ని. బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్లు. సమితిలో ఉన్నవాళ్లు నూటికి తొంభై మంది తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలవాళ్లు. అర్జీ రాయాలన్నా, కరపత్రం రాయాలన్నా, తీర్మానాల పుస్తకం నింపాలన్నా నన్నే పిలిచేవారు. ఆ పుస్తకంలో నాలుగేళ్ల కింద నేను రాసిన ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం అబద్ధం. ఆ అబద్ధం ఏ రోజు మొదలైందో అధ్యక్షుడు అడిగిన వీడియో చెబుతుంది.

ముందు పెట్టె గురించి చెప్పాలి.

మా పిల్లల బృందం ఏడాదికి మూడు నాలుగు ఊళ్లు తిరిగేది. భివండి, షోలాపూర్, ఇచల్‌కరంజి. నేతవాళ్లు ఎక్కడుంటే అక్కడికి, పండుగకో ఊరేగింపుకో. బయల్దేరే రోజు సూరత్ పక్కనున్న ఉధ్నా స్టేషన్లో ప్లాట్‌ఫామ్ మీదే మాస్టర్ ఒక చెక్కపెట్టె తెరిచేవాడు. కార్ఖానాలో నూలు కండెలు వేసుకునే పాత పెట్టె, ఆకుపచ్చ రంగుది. పిల్లలు ఒక్కొక్కరూ ఫోన్ ఆపి, చీర ముక్కలో చుట్టి అందులో పెట్టాలి. ఒక్కొక్కరికి ఒక్కో రంగు ముక్క. పెట్టెకు తాళం పడేది. రైల్లో ఆయన ఆ పెట్టె మీదే కూర్చునేవాడు. మళ్లీ సూరత్ వచ్చి దిగేదాకా ఫోన్లు లేవు.

ఈ నియమం మీద సమితిలో ఎప్పుడూ గొడవే. దాన్ని వ్యతిరేకించినవాళ్లలో నేను మొదటివాణ్ని. మా అమ్మాయి అప్పటికి బృందంలో రెండేళ్లుగా ఉంది. పిల్లలు మైనర్లు, ఆడపిల్లలు, పరాయి ఊరు, ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత అని నేను అడిగేవాణ్ని. ఆ ప్రశ్న తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఒక తల్లి అయితే లేచి నిలబడి, పదిహేడేళ్ల పిల్లను ఫోన్ లేకుండా పంపమంటున్నావు, నీ మనవరాలైతే పంపుతవా అని మాస్టర్‌ను నిలదీసింది. ఆయన తన మనవరాలి వేలు పట్టుకుని ముందుకు తెచ్చాడు. ఆ పిల్ల బృందంలో కంచు తాళాలు వాయించేది. పెట్టెలో ముందు పడే ఫోన్ ఆ పిల్లదేనని అందరికీ తెలుసు. నవ్వారు. గొడవ ఆ పూటకు ఆగింది.

పిల్లలు ఫోన్లో చెడిపోతారని ఆయన ఎన్నడూ అనలేదు. ఆయన లెక్క వేరు. ఒకసారి రైల్లో నాకు చెప్పాడు. "నూరు సాంచాలు నడుస్తుంటే గుడ, పనోడు తన సాంచా ఒక్కటే ఇంటడు సార్. గది పని. పాట గట్ల కాదు. పక్కనోని ఊపిరి ఇనాలె. ఫోన్ చేతులుంటే ఈడ లేనోళ్ల మాట ఇంటరు." అని, కిటికీ పక్కన పల్లవి పంచుకుని పాడుతున్న పిల్లల వైపు చూశాడు. నాకు అది చెవిటివాడి చాదస్తంగా అనిపించింది.

ఇంటివాళ్ల కోసం ఆయన ఒక ఏర్పాటు చేశాడు. సమితి ఫోన్ ఒకటి ఆయన చొక్కా జేబులో ఉండేది. ఆ నంబరు ప్రతి ఇంట్లో కాగితం మీద రాసి ఉండేది. కానీ దానికి ఫోన్ చేసి మాట్లాడేవాళ్లు తక్కువ. నేతవాళ్ల ఇళ్లలో ఒక అలవాటుంది. సాంచాల చప్పుడులో మాట వినబడదు కాబట్టి భార్య సద్దిడబ్బా తెచ్చి గేటు దగ్గర నిలబడి మిస్డ్ కాల్ ఇస్తుంది. లోపలి మనిషి ఎత్తడు, కట్ చేస్తాడు. కట్ చేశాడంటే అందింది, వస్తున్నాడని అర్థం. ఊరు వెళ్లిన పిల్లలకూ ఇదే పద్ధతి పెట్టాడు మాస్టర్. ఇంటినుంచి ఒక మిస్డ్ కాల్ వస్తే ఇక్కడ అంతా క్షేమం అని. వెంటవెంటనే మూడు వస్తే పిల్లను వెంటనే పంపమని. ఇటునుంచి కట్ చేస్తే అందిందని. ఈ పద్ధతి నాకు ఆయన రెండుసార్లు వివరించాడు. నేను తలూపాను. మా ఇంట్లో సద్దిడబ్బా గేటు దగ్గరికి తీసుకెళ్లే అవసరం ఎవరికీ పడలేదు. నాకది ఎక్కలేదు.

నాలుగేళ్ల కింద భివండి వెళ్లాం. రజితకు అప్పుడు పద్దెనిమిది. ఇంట్లో తల్లితో కలిసి చీరలకు రాళ్లు అంటించే పని చేసేది, బృందంలో ముందు గొంతు ఆమెదే. తండ్రి సాంచా పనివాడు, ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నాడు. వద్దనుకున్న పిల్లను ఆయనే పంపాడు. ఇవాళో రేపో ఇంటికి పంపిస్తారట, పాడి రా అన్నాడట.

కార్యక్రమం మధ్యాహ్నం. డప్పులు, జనం, మైకులు. సమితి పేజీలో లైవ్ పెట్టాలని నాకు ఉత్సాహం. ఆ పేజీ సమితి ఫోన్లోనే ఉంది. మాస్టర్‌ను అడిగాను. ఆయన జేబులోంచి తీసి ఇచ్చి, "ఎట్లా నాకు ఇనరాదు, మీ కాడుంటెనే నయం. జర చూసుకుంటుండుండ్రి సార్," అన్నాడు. చూసుకుంటానన్నాను.

రజిత పాట ఎత్తుకున్న రెండు నిమిషాలకు కాల్ వచ్చింది. తెర మీద రజిత అమ్మ అని పేరు పడింది. లైవ్ ఆగిపోయింది. నేను కట్ చేశాను. లైవ్ మళ్లీ నడిచింది. అర నిమిషానికి మళ్లీ. కట్ చేశాను. మళ్లీ. మూడోసారి విసుక్కుని కట్ చేశాను. తర్వాత ఇక రాలేదు. హమ్మయ్య అనుకున్నది గుర్తుంది.

అటుపక్క ఏం జరిగిందో తర్వాత తెలిసింది. పొద్దున్నుంచి ఊపిరి అందక రజిత తండ్రి బిడ్డను అడుగుతున్నాడు. తల్లి వార్డు బయటికి వచ్చి మూడు మిస్డ్ కాల్స్ ఇచ్చింది. మూడూ కట్ అయ్యాయి. ఇరవై ఏళ్లుగా గేటు దగ్గర నిలబడ్డ మనిషి. లోపలికి వెళ్లి, "అందింది, బిడ్డ బయల్దేరింది," అని భర్తకు చెప్పింది. మళ్లీ చేయాల్సిన అవసరం ఆమెకు కనబడలేదు.

భోజనాలయ్యాక, లైవ్ ఎంతమంది చూశారో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అయిదున్నరకు రజిత మేనమామ ఫోన్ చేశాడు.

"ఏడిదాక వచ్చిన్రు సార్?"

ఎక్కడికి అని అడిగాను.

"ఎక్కడికంటరేంది? పిల్లను తోలుకొస్తలేరా? బావ కండ్లు తలుపు మీద్నే పెట్టిండు."

సూరత్ నాలుగైదు గంటల దారి. మధ్యాహ్నం కాల్ రాగానే బయల్దేరి ఉంటే అప్పటికి ఆస్పత్రిలో ఉండేవాళ్లం. నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. అప్పుడు నా నోట వచ్చిన మాట ఇది: "ఫోన్ మాస్టర్ దగ్గర ఉండిందయ్యా. ఇప్పుడే నా చేతికొచ్చింది."

మాస్టర్ నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆయనకు వినబడదన్న ధైర్యంతో అన్నాను. కానీ ఆయన గొంతులూ పెదవులూ చూసి పాట వినే మనిషి.

జీపు మాట్లాడుకుని పిల్లను బయల్దేరదీసేసరికి తండ్రి పోయాడు.

వారం తర్వాత సమాజ్ వాడిలో మీటింగు పెట్టారు. మా సమితి కూడుకునే హాలు అది. అందరి కోపం పెట్టె మీద. పిల్ల ఫోన్ పిల్ల దగ్గర ఉంటే ఈ గతి పట్టేదా అని. మేనమామ ఒక్కడే ఫోన్ సంగతి అడిగాడు. "నీకు ఇనరాలేదు సరే మాస్టర్. ఇనరానోనివి కట్ ఎట్ల చేసినవ్? మూడు మాట్ల కట్ అయింది."

మాస్టర్ బల్ల మీద ఎడమచెయ్యి ఆనించాడు, హార్మోనియం మీద పెట్టినట్టే. నా వైపు చూడలేదు.

"జేబుల చెయ్యి తగిలుంటది," అన్నాడు. "పెట్టె నాది, తాళం నాది, ఫోన్ నాది. ఇంకెవల్నీ అడగకుండ్రి," అన్నాడు.

నేను నోరు విప్పలేదు. కలం విప్పాను. 'మాస్టరు తన మొండిపట్టుతో పిల్లల ఫోన్లను తాళం వేసి తన వద్ద ఉంచుకున్నందున, అత్యవసర సమాచారం సకాలంలో అందలేదు' అని తీర్మానాల పుస్తకంలో రాశాను. చదివి వినిపించమన్నారు. చదివాను. చాలా బాగా రాశారని ఎవరో అన్నారు కూడా.

మర్నాటినుంచి ఆయన రాలేదు. ఫోన్ల మీద నియమం ఎత్తేశారు. తర్వాత బృందం రెండు ఊళ్లు తిరిగింది. ఘోరమేమీ జరగలేదు. పిల్లలు ఇళ్లకు ఫోన్లు చేసుకున్నారు, తల్లిదండ్రులు నిశ్చింతగా ఉన్నారు. రైల్లో మాత్రం ఎవరి చెవుల్లో వాళ్ల పాట. పాటలోనూ పెద్ద తేడా నాకు తెలియలేదు. తెలిసే చెయ్యి అక్కడ లేదు. ఆ తర్వాత ఒకరొకరుగా తగ్గిపోయి బృందం ఆగింది.

లైవ్ వీడియోను ఆ వారమే పేజీలోంచి తీసేశాను. పాట మూడు చోట్ల తెగి ఉండటం చూసి, ఫోన్ నా చేతిలోనే ఉందని ఎవరైనా పసిగడతారని. పూర్తిగా చెరిపేయడానికి చెయ్యి రాలేదు. నా ఫోన్లో దాచుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత ఆయన్ను ఒకసారి కలిశాను. లోన్ పరిశీలనకు సూరత్ శివార్లలో ఉన్ అనే పేటకు వెళ్లాను. అక్కడ కొడుకు గదిలో ఉంటున్నాడట, టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తప్పించుకునే లోపల చూశాడు. పక్కన చోటిచ్చి టీ చెప్పాడు. మా అమ్మాయి చదువు గురించి అడిగాడు. క్షమించమనడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నేను ఎండల గురించి మాట్లాడాను.

లేవబోతుంటే అడిగాడు. "సార్, ఆ దినం వీడియో ఉన్నదా?"

"తీసేశాను మాస్టర్," అన్నాను.

ఆయన నా పెదవుల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు ముందు అబద్ధం నిలవదని నాకు అప్పటికే తెలిసి ఉండాలి.

"తియ్యకుండ్రి," అన్నాడు, నేను చెప్పింది విననట్టే. "పిల్ల ఆ దినం మంచిగ పాడింది."

మంచిగ అని ఆయన ఒకరిని మెచ్చుకోగా నేను విన్నది అదొక్కసారే. అది కూడా పాడిన పిల్లకు కాదు, నాకు చెప్పాడు. నేను ఆ మాటను మోసుకెళ్లి రజితకు ఇవ్వలేదు. ఇస్తే వీడియో ఏదని అడుగుతుంది.

అధ్యక్షుడు వీడియో అడిగాక మూడు రోజులు ఆలోచించాను. తెగిన చోట్లు కనబడకుండా కత్తిరించి అతికించే వీలుంది. మా అమ్మాయి పది నిమిషాల్లో చేసిపెట్టగలదు. నాలుగో రోజు ఫోన్ తీసుకుని రజిత వాళ్లింటికి లింబాయత్ వెళ్లాను. తల్లి ఇంట్లో లేదు. రజిత చీర మీద రాళ్లు అంటిస్తూ ఉంది. బృందాన్ని మళ్లీ కూడగట్టే పనిలో ఉందని విన్నాను. వచ్చే నెలలో షోలాపూర్ పోతున్నారట. పిల్లల ఫోన్ల సంగతి ఏం చేద్దామని సమితిలో మళ్లీ అదే గొడవ.

వీడియో చూపించాను. మొదటిసారి తెగినచోట ఆమె చెయ్యి ఆగింది. రెండోసారికి నా వైపు చూసింది. మూడోది అయ్యాక నేను చెప్పాను. ఫోన్ నా దగ్గర ఉండిందని, పేరు చూసే కట్ చేశానని, మేనమామతో అబద్ధమాడానని. టీ కొట్టు దగ్గర మాస్టర్ అన్న మాట కూడా చెప్పాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చేతిలో ఆగిపోయిన రాయిని పక్కన పెట్టి, "తాళం చెవి నా మెడల ఉండె సార్," అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. పెట్టె తాళం చెవి మాస్టర్ ఏనాడూ తన దగ్గర పెట్టుకోలేదట. ప్రతి ప్రయాణంలోనూ ఎవరింట్లో ఇబ్బంది ఉంటే ఆ పిల్లకు, నల్లదారానికి కట్టి ఇచ్చేవాడట. నీకు మనసైనప్పుడు తీసి మాట్లాడుకో, నన్నడగకు అని. సంగతి పిల్లలందరికీ తెలుసు, పెద్దలకు ఎవరూ చెప్పలేదు. "ఆ దినం పొద్దుగాల తీద్దామనుకున్న. అందరు చూస్తరని సిగ్గయింది. సమితి ఫోనుండె కదా, ఏమన్నుంటె చెప్తరనుకున్న." మళ్లీ చీర మీదికి వంగింది. "మీటింగుల తాళం నాదన్నడు మాస్టర్. నేను గుడ లేచి చెప్పలే."

మేమిద్దరం ఆ మీటింగులో ఒకే వరసలో కూర్చున్నాం. ఒకే మనిషి మా ఇద్దరి బరువూ ఎత్తుకుని బయటికి నడుస్తుంటే చూస్తూ కూర్చున్నాం. తేడా ఒకటుంది. ఆమెకు పద్దెనిమిదేళ్లు, వారం కింద తండ్రి పోయాడు. నాకు నలభై ఏడు.

వీడియో కత్తిరించి ఇవ్వనా అని అడిగాను.

"వద్దు. తెగింది తెగినట్టే వెయ్యిండ్రి."

ఆదివారం సభలో గోడ మీద వేశారు. పాట తెగిన ప్రతిసారీ బొమ్మ నిలిచిపోయింది. మూడుసార్లూ మాస్టర్ అలాగే, చెక్క మీద చెయ్యి ఆనించి, రజిత గొంతువైపు చూస్తూ. మళ్లీ కదిలేది. నెట్‌లో లోపమేమో అని వెనకనుంచి ఎవరో అన్నారు. కాదని లేచాను. రాసుకొచ్చిన కాగితం తీయకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. నా పక్కనున్న కుర్చీలో మనిషి జరిగి కూర్చున్నాడు. మేనమామ లేచి బయటికి వెళ్లిపోయాడు.

రజిత తల్లి ముందు వరసలో ఉంది. ఆమె ఒక్కటే అడిగింది.

"ఇని కట్ చేసిన్రా సార్, ఇనకనా?"

"పేరు చూశానమ్మా. విసుక్కుని కట్ చేశాను."

"అందిందని ఆయనకు నేనే చెప్పిన," అంది ఆమె, నాతో కాదు.

తీర్మానాల పుస్తకం తెప్పించి, ఆ వాక్యాన్ని కొట్టేయకుండా దాని కిందనే అసలు సంగతి రాసి సంతకం పెట్టాను. సమితి పనుల్లోంచి తప్పుకున్నాను. తప్పుకోమని ఎవరూ అడగలేదు, ఉండమని కూడా అడగలేదు.

పిల్లల ఫోన్ల గురించి చివరికి రజితే తేల్చింది. పెట్టె వెళుతుంది. ఫోన్లు అందులోనే ఉంటాయి. తాళం ఉండదు. పాడేవాళ్లు, వీడియో తీసేవాళ్లు సమితి ఫోన్ ముట్టుకోకూడదు.

షోలాపూర్ రైలుకు మొన్న ఉధ్నా స్టేషన్‌కు వెళ్లాను. వెళ్లాల్సిన పని లేదు. ఆకుపచ్చ పెట్టె మాస్టర్ కొడుకు తెచ్చి ఇచ్చాడు. పిల్లలు చీర ముక్కల్లో ఫోన్లు చుడుతున్నారు. రజిత తల్లి కిటికీ పక్కన కూర్చుని ఉంది. సమితి ఫోన్ తాడుకు కట్టి ఆమె మెడలో వేలాడుతోంది. ఏం మాట్లాడాలో తెలియక, చార్జింగ్ ఉందా అమ్మా అని అడిగాను.

ఫోన్ చేతిలోకి తీసుకుని చూసుకుంది.

"ఉన్నది సార్," అంది. "ఎవలు చేసినా ఎత్తుత. కట్ చెయ్య."